కామా ఊపిరి కోసం కాదు

ఇంగ్లీషు నేర్పేటప్పుడు చిన్న క్లాసుల్లోనే ఒక సూత్రం చెప్పేస్తారు: చదువుతుంటే ఎక్కడ కాస్త ఆగాలనిపిస్తే అక్కడ కామా, పూర్తిగా ఆగే చోట ఫుల్‌స్టాప్. గుర్తుపెట్టుకోవడానికి ఇంత తేలికైన సూత్రం ఇంకోటి లేదు. ఇంతగా తప్పుదారి పట్టించేదీ ఇంకోటి లేదు. ఒకే వాక్యాన్ని ముగ్గురికిస్తే ముగ్గురూ మూడు చోట్ల ఊపిరి తీసుకుంటారు, మూడు రకాలుగా కామాలు పెడతారు, ముగ్గురూ సూత్రం ప్రకారమే పెట్టామంటారు.

ఈ సూత్రం గాల్లోంచి ఊడిపడలేదు. సుమారు 2,200 ఏళ్ల క్రితం అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని చూసుకున్న బైజాంటియం అరిస్టోఫనీస్ (నాటకాలు రాసిన అరిస్టోఫనీస్ వేరు) గ్రీకు రాతలో మూడు ఎత్తుల్లో చుక్కలు పెట్టే పద్ధతి తెచ్చాడు. అప్పట్లో పదాల మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు, చదవడమంటే ఎక్కువగా గొంతెత్తి చదవడమే. ఎక్కడ ఎంతసేపు ఆగాలో చదివేవాడికి చెప్పడమే ఆ చుక్కల పని. 15వ శతాబ్దం చివర్లో వెనిస్‌లో ఆల్డస్ మాన్యూషియస్ అచ్చువేసిన పుస్తకాల్లో ఏటవాలు గీత కాస్తా కిందికి జారి, పొట్టిదై, ఇప్పటి తోక కామా అయింది. అచ్చు పుస్తకాలు పెరిగి జనం మౌనంగా చదవడానికి అలవాటుపడ్డాక, 18, 19 శతాబ్దాల్లో వ్యాకరణం రాసినవాళ్లు కామాను గొంతు దగ్గర్నుంచి తీసి వాక్య నిర్మాణానికి అప్పజెప్పారు. స్కూలు సూత్రం మాత్రం పాత కాలంలోనే ఉండిపోయింది.

తెలుగువాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కుంది. మన వాక్యంలో ఎవరు ఎవర్ని ఏం చేశారో పదాల చివర్లోనే తెలిసిపోతుంది. ని, కి, తో, అని, చివరి దీర్ఘం, క్రియ ముగిసిందా లేదా అని చెప్పే ప్రత్యయం, ఇవన్నీ కాపలా కాస్తుంటాయి. తాళపత్రాల్లో కామా లేదు, మనకది అచ్చుతో పాటు వచ్చింది. ఇప్పటికీ తెలుగు పేరాలో కామాలన్నీ తీసేసినా చాలావరకు అర్థం చెడదు. ఇంగ్లీషుకు ఒకప్పుడు ఇలాంటి పదాంతాలు బోలెడు ఉండేవి. వెయ్యేళ్లలో అవి దాదాపు రాలిపోయాయి. మిగిలింది పదాల వరస, దాన్ని ఆదుకునే చిన్న గుర్తులు. కాబట్టి ఇంగ్లీషు కామా ముందు ఆగినప్పుడు వేసుకోవలసిన ప్రశ్న ఊపిరి గురించి కాదు: ఇదే మాట తెలుగులో అంటే, ఈ పని ఏ ప్రత్యయం చేస్తుంది? చాలా చోట్ల జవాబు అక్కడే దొరుకుతుంది. కొన్ని చోట్ల తెలుగు అలవాటే మనల్ని పడేస్తుంది, ఆ చోట్లే ఎక్కువ ముఖ్యం.

ఇక్కడ ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలో రాస్తున్నాను. గుర్తులు మాత్రం ఎక్కడ పడాలో అక్కడే పెడుతున్నాను.

పిలుపుకు కామా

“కాల్ మీ, డాక్టర్.” “కాల్ మీ డాక్టర్.” మొదటిది డాక్టరుతో అంటున్న మాట: డాక్టరుగారూ, నాకు ఫోన్ చేయండి. రెండోది తన గురించి తాను చెప్పుకోవడం: నన్ను డాక్టర్ అని పిలవండి. మాటలు అవే, వరస అదే, తేడా అంతా కామాలో ఉంది. తెలుగులో మొదటిదాన్ని “గారూ” అనే దీర్ఘం కాపాడింది, రెండోదాన్ని “అని” కాపాడింది. బడిలో వల్లెవేసిన సంబోధన ప్రథమా విభక్తి చేసే పనిని ఇంగ్లీషులో ఒక్క కామా చేస్తుంది.

అందుకే ఎవరినైనా పేరు పెట్టి, హోదా పెట్టి, బంధుత్వం పెట్టి పిలిస్తే అక్కడ కామా తప్పనిసరి. “థాంక్యూ, సర్.” “సారీ, మేడమ్.” “నో, రవి, ఐ కాన్’ట్.” పిలుపు వాక్యం మధ్యలో వస్తే రెండు పక్కలా కామా పడుతుంది. ఉత్తరం మొదట్లో “డియర్ సర్,” అన్నప్పుడు డియర్‌కీ సర్‌కీ మధ్య కామా ఉండదు, ఎందుకంటే అక్కడ డియర్ అనేది సర్‌ను వర్ణించే విశేషణం. “హాయ్, రవి” దగ్గర కచ్చితమైన నియమం ప్రకారం కామా ఉండాలి. ఈమెయిళ్లలో ఎవరూ పెట్టడం లేదు, పెట్టకపోతే తప్పని ఎవరూ అనడం లేదు. ఆ ఒక్కదాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

రెండు సమాపక క్రియలు పక్కపక్కన

తెలుగువాళ్ల ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు ఇదేనని నా అభిప్రాయం. “ఇట్ రెయిన్డ్, ది మ్యాచ్ స్టాప్డ్.” తెలుగులో “వాన పడింది, మ్యాచ్ ఆగిపోయింది” అంటే శుభ్రమైన వాక్యం. ఒక దాని తర్వాత ఒకటి సమాపక క్రియలు (“పడింది”, “ఆగిపోయింది” లాగా వాక్యాన్ని ముగించేవి) పేర్చుకుంటూ మధ్యలో కామాలు పెట్టడం మనకు కథ చెప్పే పద్ధతి కూడా. ఇంగ్లీషు రాత దీన్ని ఒప్పుకోదు. కర్తా క్రియా ఉండి తన కాళ్ల మీద తాను నిలబడగల రెండు వాక్యాలను వట్టి కామాతో కలిపితే దాన్ని కామా స్ప్లైస్ అంటారు. పరీక్ష పేపర్లలో మార్కులు పోయేది, ఆఫీసు రిపోర్టులో ఎడిటర్ ఎర్రగీత గీసేది దీనికే.

సరిచేయడానికి దారులు చాలానే ఉన్నాయి. ఫుల్‌స్టాప్ పెట్టి రెండు వాక్యాలు చేయొచ్చు. రెండింటికీ దగ్గర సంబంధం ఉంటే సెమీకోలన్ (;) పెట్టొచ్చు. కామా తర్వాత “అండ్”, “బట్”, “సో”, “ఆర్” లాంటి ముడి పదం వేయొచ్చు: “ఇట్ రెయిన్డ్, సో ది మ్యాచ్ స్టాప్డ్.” లేదా ఒక వాక్యాన్ని రెండోదానికి లోబరచొచ్చు: “వెన్ ఇట్ రెయిన్డ్, ది మ్యాచ్ స్టాప్డ్.” ఈ చివరిది మనకు బాగా తెలిసిన పనే. “పడింది” అనే సమాపక క్రియను “పడినప్పుడు” అని మార్చడం లాంటిది.

అసలు ఉచ్చు “హౌఎవర్” దగ్గర ఉంది. “ఐ సెంట్ ది ఫైల్, హౌఎవర్ యు డిడ్‌న్’ట్ రిప్లై.” చూడ్డానికి మధ్యలో ముడి పదం ఉన్నట్టే అనిపిస్తుంది, మన “కానీ” లాగే వినిపిస్తుంది. కానీ “హౌఎవర్” ముడి పదం కాదు, క్రియావిశేషణం. “దేర్‌ఫోర్”, “దెన్”, “మోర్ఓవర్”, “అదర్‌వైజ్” కూడా అదే జాతి. వీటి ముందు ఫుల్‌స్టాపో సెమీకోలనో రావాలి, “హౌఎవర్” తర్వాత కామా కూడా కావాలి. తేడా పట్టుకోవడం తేలికే. ఆ మాటను వాక్యంలో ఇంకో చోటికి జరపండి: “యు డిడ్‌న్’ట్, హౌఎవర్, రిప్లై.” జరిగింది కాబట్టి అది క్రియావిశేషణం. “బట్”ను అలా జరపలేరు.

ఈ నియమానికి మినహాయింపు లేకపోలేదు. “ఐ కేమ్, ఐ సా, ఐ కాంకర్డ్” లాంటి పొట్టి పొట్టి వాక్యాలు ఒకే లయలో వస్తే వట్టి కామాలతో వదిలేస్తారు. కథల్లో, నవలల్లో బ్రిటిష్ రచయితలు కావాలనే కామా స్ప్లైస్ వాడతారు. ఉద్యోగ దరఖాస్తులో ఆ స్వేచ్ఛ తీసుకోకపోవడం మంచిది.

దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఇంకోటుంది, అది ఊపిరి సూత్రం కన్న బిడ్డే. కర్త పొడుగ్గా ఉంటే చదివేవాడు దాని చివర ఆగుతాడు, అక్కడ కామా పెట్టేస్తాడు: “ది స్టూడెంట్స్ హూ కేమ్ లేట్ టు ది ఎగ్జామ్, వర్ సెంట్ హోమ్.” కర్తను క్రియ నుంచి ఒంటి కామాతో విడదీయకూడదు, కర్త ఎంత పొడుగైనా సరే. ఈ నియమం ఎప్పుడూ ఇంత గట్టిగా లేదు. 1791లో ఆమోదం పొందిన అమెరికా రాజ్యాంగం రెండో సవరణలో, ఆయుధాల హక్కు గురించిన ఆ ప్రఖ్యాత వాక్యంలోనే, “కీప్ అండ్ బేర్ ఆర్మ్స్” తర్వాత, “షల్ నాట్ బి ఇన్‌ఫ్రింజ్డ్” ముందు కామా ఉంది. కర్తకీ క్రియకీ మధ్య అడ్డంగా కూర్చున్న కామా అది. ఆనాటి రాత పద్ధతిలో అది మామూలే. ఆ వాక్యంలోని కామాల మీద అమెరికా కోర్టుల్లో వాదనలు మన కాలం దాకా సాగాయి.

జంట కామాలు

తెలుగు మనకు అసలు సాయం చేయని చోటు ఇది. “లండన్‌లో ఉండే మా అన్నయ్య డాక్టర్” అన్నాం. ఆ మనిషికి అన్నయ్యలు ఎందరు? ఒక్కడేనా, లండన్ అన్నయ్య కాక ఇంకెవరైనా ఉన్నారా? ఈ వాక్యం చెప్పదు. తెలుగులో విశేషణ వాక్యం నామవాచకానికి ముందు వస్తుంది, అది గుర్తుపట్టడానికి చెప్పిన వివరమా, ఊరికే అదనంగా చెప్పిన వివరమా అన్నది సందర్భమే తేల్చాలి. ఇంగ్లీషు రాత ఆ సంగతిని కామాలతో తేల్చేస్తుంది. “మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ లండన్ ఈజ్ ఎ డాక్టర్” అంటే అన్నయ్యలు ఒకరికన్నా ఎక్కువ, అందులో లండన్ ఆయన డాక్టర్. “మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ లండన్, ఈజ్ ఎ డాక్టర్” అంటే అన్నయ్య ఒక్కడే, లండన్ సంగతి మాటల్లో మాటగా చెప్పింది.

అన్నయ్యల లెక్క తప్పితే పెద్దగా పోయేదేం లేదు. ఇదే తేడా కంపెనీ నోటీసులో వస్తే? “ది ఎంప్లాయీస్ హూ వర్క్డ్ ఆన్ సండే విల్ గెట్ ఎ బోనస్.” ఆదివారం పనిచేసినవాళ్లకే బోనస్. “ది ఎంప్లాయీస్, హూ వర్క్డ్ ఆన్ సండే, విల్ గెట్ ఎ బోనస్.” ఉద్యోగులందరికీ బోనస్, పైగా అందరూ ఆదివారం పనిచేశారని కంపెనీయే ఒప్పుకున్నట్టు. రెండు కామాలు జీతాల బడ్జెట్‌నే మార్చేశాయి.

కామాల మధ్య ఉన్నదాన్ని మొత్తం ఎత్తి పక్కన పెట్టి చూడండి. మిగిలిన వాక్యం మీరు చెప్పదలుచుకున్నదే చెబుతుంటే కామాలు ఉండాలి. అర్థం మారిపోతుంటే ఉండకూడదు. “దట్”తో మొదలయ్యే విశేషణ వాక్యానికి ఈ కామాలు పెట్టరు. “విచ్” విషయంలో అమెరికన్ ఎడిటర్లు కామా ఉంటేనే వాడాలంటారు, బ్రిటిష్‌వాళ్లు కామా లేకుండా కూడా వాడతారు. ఇక మొదటి కామా పెట్టి రెండోది మర్చిపోవడం చాలా మామూలు తప్పు. ఇవి బ్రాకెట్ల లాంటివి, తెరిచినదాన్ని మూయాలి.

ఈ ఎత్తి చూసే పరీక్ష 2006లో కెనడాలో నిజంగానే జరిగింది. కరెంటు స్తంభాల వాడకం గురించి రోజర్స్ కమ్యూనికేషన్స్, అలయంట్ అనే రెండు కంపెనీల మధ్య ఒప్పందం. అది ఐదేళ్లు అమల్లో ఉంటుంది, ఆ తర్వాత ఐదేసి ఏళ్ల చొప్పున కొనసాగుతుంది, ఏడాది ముందు నోటీసిచ్చి రద్దు చేస్తే తప్ప. మొదటి ఐదేళ్లలో రద్దు కుదరదని రోజర్స్ నమ్మకం. కానీ “ఆ తర్వాత ఐదేసి ఏళ్లు” అన్న ముక్కకు ముందూ వెనకా కామాలున్నాయి. ఆ ముక్కను ఎత్తి పక్కన పెడితే, రద్దు షరతు నేరుగా మొదటి ఐదేళ్లకే అతుక్కుంటుంది. కెనడా టెలికాం నియంత్రణ సంస్థ ఆ కామా లెక్కనే ఒప్పుకుని, ఎప్పుడైనా ఏడాది నోటీసుతో రద్దు చేయొచ్చని తేల్చింది. పందెం ఇరవై లక్షల కెనడా డాలర్ల పైమాటే. మరుసటి ఏడాది ఆ నిర్ణయం తిరగబడింది. ఇంగ్లీషు కామా మీద మనసు మారి కాదు, అదే ఒప్పందానికి ఉన్న ఫ్రెంచ్ పాఠంలో ఆ సందిగ్ధం లేకపోవడం వల్ల.

వాక్యం మొదట, వాక్యం చివర

ముందు ఉపవాక్యం, తర్వాత ప్రధాన వాక్యం వస్తే మధ్యలో కామా పెట్టాలి. “వెన్ ది బాయ్ కాల్డ్ హిజ్ మదర్ ఆన్సర్డ్” అని కామా లేకుండా రాస్తే, అబ్బాయి వాళ్లమ్మను పిలిచాడని చదువుకుంటూ వెళ్లి, చివరి మాట దగ్గర తడబడి వెనక్కి రావాలి. “కాల్డ్” తర్వాత కామా పెడితే తడబాటు లేదు. తెలుగులో “పిలిచినప్పుడు” అనగానే ఆ ముక్క మూసుకుపోతుంది, వేరే తలుపు అక్కర్లేదు. ప్రధాన వాక్యమే ముందుంటే సాధారణంగా కామా అవసరం లేదు.

“సాధారణంగా” అనడానికి కారణం “బికాజ్”. “హి డిడ్‌న్’ట్ రిజైన్ బికాజ్ ఆఫ్ ది శాలరీ.” దీనర్థం: అతను రిజైన్ చేశాడు, కానీ జీతం కోసం కాదు, కారణం వేరే. ఇప్పుడు “రిజైన్” తర్వాత కామా పెట్టండి. అర్థం తలకిందులైంది: అతను రిజైన్ చేయలేదు, జీతం చూసుకుని ఆగిపోయాడు. “జీతం వల్ల రిజైన్ చేయలేదు” అనే తెలుగు వాక్యంలోనూ కొంత ఇదే మసక ఉంది, అందుకే మనం “రిజైన్ చేసింది జీతం వల్ల కాదు” అని వాక్యాన్నే తిప్పుకుంటాం. నన్నడిగితే ఇంగ్లీషులో కూడా అదే మేలు. ఉద్యోగం ఉందో పోయిందో ఒక్క కామా మీద వేలాడదీయడం కన్నా వాక్యాన్ని తిరగరాయడం నయం.

విశేషణాల మధ్య కామా సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. మధ్యలో “అండ్” పెడితే అతికితే కామా పెట్టాలి, అతక్కపోతే వద్దు. “ఎ లాంగ్, బోరింగ్ మీటింగ్” సరే. “త్రీ రెడ్ బాక్సెస్”కి కామా వద్దు.

ఒక కామా, యాభై లక్షల డాలర్లు

జాబితాల దగ్గరికొస్తే తెలుగుకు భలే సదుపాయం ఉంది. “అమ్మా నాన్నా అన్నయ్యా వచ్చారు” అంటే ఒక్క కామా లేకుండా ముగ్గురూ విడివిడిగా నిలబడ్డారు. ప్రతి పేరు చివరా దీర్ఘం ఉంది, చివరి పేరుకు కూడా. ఇంగ్లీషులో చివరి రెండింటి మధ్య “అండ్” వస్తుంది. ఆ “అండ్” ముందు కామా పెట్టాలా వద్దా అన్నదే వందేళ్ల పైబడిన తగవు. పెడితే దాన్ని ఆక్స్‌ఫర్డ్ కామా అంటారు, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ పద్ధతి కాబట్టి. అమెరికాలో పుస్తకాలు వేసేవాళ్లు ఎక్కువగా పెడతారు. పత్రికలవాళ్లు అమెరికాలోనైనా బ్రిటన్‌లోనైనా ఎక్కువగా పెట్టరు.

“ఐ థాంక్డ్ మై పేరెంట్స్, ది ప్రిన్సిపాల్ అండ్ ది చైర్మన్.” కామా లేకపోతే ఆ ప్రిన్సిపాలూ చైర్మనే నా తల్లిదండ్రులని చదువుకోవచ్చు. “ప్రిన్సిపాల్” తర్వాత కామా పెడితే గొడవ తీరింది. అలాగని ఆక్స్‌ఫర్డ్ కామా సర్వరోగ నివారిణి కాదు. “మై మదర్, ది ప్రిన్సిపాల్, అండ్ ది చైర్మన్” అంటే, మా అమ్మే ప్రిన్సిపాలా అన్న అనుమానం ఆ కామా వల్లనే వస్తుంది. పైన చూసిన జంట కామాల్లా అవి “ది ప్రిన్సిపాల్”ను చుట్టేశాయి. ఏ పక్షాన ఉన్నా ఒకే పద్ధతికి కట్టుబడి ఉండటం, అనుమానం వచ్చిన చోట పేర్ల వరస మార్చడం, ఇంతకు మించి ఈ తగవులో సారం లేదు.

సారం లేదన్నాను గానీ, అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ దీనికి యాభై లక్షల డాలర్లు కట్టింది. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం కొన్ని పనులకు ఓవర్‌టైం ఇవ్వక్కర్లేదు. ఆ పనుల జాబితా ఇలా సాగుతుంది: క్యానింగ్, ప్రాసెసింగ్, ప్రిజర్వింగ్, ఫ్రీజింగ్, డ్రయింగ్, మార్కెటింగ్, స్టోరింగ్, “ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్”. “షిప్‌మెంట్” తర్వాత కామా లేదు. డిస్ట్రిబ్యూషన్ విడిగా ఒక పని అని, పాలు చేరవేసే డ్రైవర్లకు ఓవర్‌టైం రాదని కంపెనీ వాదన. కాదు, అది ప్యాకింగ్‌లో భాగమే, రవాణా కోసమైనా పంపిణీ కోసమైనా చేసే ప్యాకింగ్ ఒక్కటే పని అని డ్రైవర్ల వాదన. మేం ప్యాకింగ్ చేయం, కాబట్టి మాకు ఓవర్‌టైం రావాలన్నారు.

కామా ఒక్కటే అయితే కేసు నిలిచేది కాదేమో, ఎందుకంటే మెయిన్ రాష్ట్రంలో చట్టాలు రాసేవాళ్ల మార్గదర్శకాలే ఆ కామా వద్దంటాయి. కానీ డ్రైవర్లు పదాల రూపాలు కూడా చూపించారు. జాబితాలో పనులన్నీ “ఇంగ్”తో ముగుస్తున్నాయి, షిప్‌మెంట్, డిస్ట్రిబ్యూషన్ రెండే అలా లేవు. అంటే ఆ రెండూ ఒక జత, రెండూ ప్యాకింగ్‌కు వేలాడుతున్నాయి.  2017 మార్చిలో ఫెడరల్ అప్పీల్ కోర్టు చట్టం సందిగ్ధంగా ఉందని, సందిగ్ధం ఉంటే కార్మికుడి వైపే చదవాలని చెప్పింది. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. తర్వాత చట్టసభ ఆ జాబితాను తిరగరాసింది. కామాలను నమ్మకుండా ప్రతి పనికీ మధ్య సెమీకోలన్లు పెట్టింది, “డిస్ట్రిబ్యూషన్”ను “డిస్ట్రిబ్యూటింగ్” చేసింది.

అపాస్ట్రఫీ: రాలిపోయిన అక్షరం

అపాస్ట్రఫీకి, అంటే అక్షరాల పైభాగాన వేలాడే ’ గుర్తుకు, కామా అంత పెద్ద రాజ్యం లేదు. ఇంగ్లీషులోకి అది 16వ శతాబ్దంలో ఫ్రెంచ్ నుంచి వచ్చింది, వచ్చింది ఒకే పనికి: ఇక్కడ అక్షరం రాలిపోయింది అని చెప్పడానికి. “డు నాట్” కుంచించుకుపోయి “డోన్’ట్”, “ఐ యామ్” కుంచించుకుపోయి “ఐ’మ్”. మన సంధిలో లోపించిన అచ్చుకు గుర్తు పెట్టినట్టనుకోండి. గుర్తు పడేది రెండు పదాలు కలిసిన చోట కాదు, అక్షరం పోయిన చోట. “డోన్’ట్”లో అది ఎన్‌కీ టీకీ మధ్య ఉండాలి, ఎందుకంటే పోయింది అక్కడి ఓ.

మరి “ఫలానావారి” అనే అర్థం దీనికెలా అంటుకుంది? పాత ఇంగ్లీషులో చాలా నామవాచకాలకు షష్ఠీ విభక్తి ప్రత్యయంలో రెండక్షరాలుండేవి: ఇ, ఎస్. కాలక్రమంలో పలుకుబడిలో ఆ ఇ పోయింది, పోయిన ఇ స్థానంలో అపాస్ట్రఫీ పెట్టారు. అంటే “ది కింగ్’స్ హార్స్”లోనూ అది రాలిన అక్షరం గుర్తే. మధ్యలో కొందరు పండితులు అసలు రూపం “ది కింగ్ హిజ్ హార్స్” అని, “హిజ్” కుదించుకుపోయి ఇలా అయిందని నమ్మి అలా రాశారు కూడా. “ది క్వీన్’స్ హార్స్”కు ఆ లెక్క ఎలా కుదురుతుందో వాళ్లు చెప్పాలి. బహువచనం తర్వాత అపాస్ట్రఫీ పెట్టే పద్ధతి స్థిరపడటానికి 19వ శతాబ్దం దాకా పట్టింది.

ఇక్కడ చిక్కంతా చెవి సాయం చేయకపోవడంలో ఉంది. బాయ్స్, బాయ్’స్, బాయ్స్’ మూడూ ఒకేలా వినిపిస్తాయి. తెలుగులో అబ్బాయిలు, అబ్బాయి, అబ్బాయిల అని దేనికది వేరు. కాబట్టి తెలుగులో అనుకుని చూస్తే చాలు. “అబ్బాయిలు వచ్చారు” అయితే అపాస్ట్రఫీ లేదు. “అబ్బాయి పుస్తకాలు” అయితే ఎస్‌కు ముందు. “అబ్బాయిల పుస్తకాలు” అయితే ఎస్ తర్వాత. విమెన్, చిల్డ్రన్, పీపుల్ లాంటివి ఎస్ లేకుండానే బహువచనాలు కాబట్టి వాటికి మామూలుగానే అపాస్ట్రఫీ, ఎస్: “చిల్డ్రన్’స్ బుక్స్”. ఉద్యోగం మానేసేటప్పుడు రాసే “టూ వీక్స్’ నోటీస్”లో కూడా ఇదే లెక్క, రెండు వారాల నోటీసు. వట్టి బహువచనానికి అపాస్ట్రఫీ తగిలించి “ఫోటో’స్”, “మెనూ’స్” అని రాయడం ఎంత పాత జబ్బంటే, బ్రిటన్‌లో కూరగాయల కొట్ల బోర్డుల మీద కనిపించేదని దానికి గ్రీన్‌గ్రోసర్స్ అపాస్ట్రఫీ అని పేరే పడింది.

ఇక అందరినీ పడేసే “ఇట్స్”, “ఇట్’స్”. అపాస్ట్రఫీ ఉంటే “ఇట్ ఈజ్” లేదా “ఇట్ హాజ్”. లేకపోతే “దాని”. ఇది అన్యాయంగా అనిపిస్తుంది, “కింగ్’స్”కు ఉన్నది “ఇట్స్”కు ఎందుకు లేదని. తెలుగులో “అది” అనే సర్వనామానికి ప్రత్యయం అంటించం, రూపమే మారి “దాని” అవుతుంది, “అతను” “అతని” అవుతుంది. ఇంగ్లీషు సర్వనామాలదీ అదే దారి: హిజ్, హర్, అవర్, దెయిర్, హూజ్. వేటికీ అపాస్ట్రఫీ లేదు, “ఇట్స్” ఆ వరసలోదే. పాపం అది ఆలస్యంగా, 16వ శతాబ్దం చివర్లో పుట్టింది, మొదట్లో దాన్ని అపాస్ట్రఫీతోనే రాసేవారు. 1787 నాటి అమెరికా రాజ్యాంగంలో “దాని తనిఖీ చట్టాలు” అని రావలసిన చోట “ఇట్’స్” అని అపాస్ట్రఫీతోనే ఉంది. కాబట్టి ఈ తప్పు చేసేవాళ్లకు తోడుగా గొప్పవాళ్లే ఉన్నారు. “హూ’జ్” అంటే “హూ ఈజ్”, “యూ’ర్” అంటే “యు ఆర్”, “దే’ర్” అంటే “దే ఆర్”. విడదీసి చదివితే వాక్యం నిలబడితే అపాస్ట్రఫీ ఉంచండి, కూలిపోతే తీసేయండి. “వన్’స్”, “సమ్‌బడీ’స్” లాంటివి మాత్రం నామవాచకాల లాగే అపాస్ట్రఫీ తీసుకుంటాయి.

ఎస్‌తో ముగిసే పేర్ల దగ్గర ఇంగ్లీషువాళ్లే తేల్చుకోలేదు. లండన్‌లోని పార్కు “సెయింట్ జేమ్స్’స్”, న్యూకాసిల్‌లోని ఫుట్‌బాల్ మైదానం “సెయింట్ జేమ్స్’”. లండన్ మెట్రోలో పికడిలీ లైన్ మీద పక్కపక్కనే ఉన్న రెండు స్టేషన్లలో “ఎర్ల్’స్ కోర్ట్”కు అపాస్ట్రఫీ ఉంది, “బారన్స్ కోర్ట్”కు లేదు. అమెరికాలో ఊళ్ల, కొండల పేర్లను చూసే సంస్థ 1890లో ఏర్పడినప్పటి నుంచీ అపాస్ట్రఫీ వద్దంటూ వచ్చింది. ఇంతవరకు ఐదు పేర్లకే మినహాయింపు ఇచ్చింది, అందులో మార్తా’స్ వినియార్డ్ ఒకటి. 2012లో బ్రిటన్ పుస్తకాల షాపుల గొలుసు వాటర్‌స్టోన్స్ తన పేరులోంచి అపాస్ట్రఫీ తీసేసింది, ఇంటర్నెట్ కాలంలో అది లేకపోతేనే సుఖమని. దీన్ని కాపాడటానికి 2001లో జాన్ రిచర్డ్స్ అనే రిటైర్డ్ పాత్రికేయుడు ఏకంగా అపాస్ట్రఫీ ప్రొటెక్షన్ సొసైటీ పెట్టాడు. 2019లో, 96 ఏళ్ల వయసులో, అజ్ఞానమూ సోమరితనమూ గెలిచాయంటూ దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించాడు. పేర్ల విషయంలో ఆయనంత బాధపడక్కర్లేదు. బోర్డు మీద వాళ్లు ఎలా రాసుకుంటే అలాగే రాయడం పద్ధతి.

దశాబ్దాలకు కూడా అపాస్ట్రఫీ అక్కర్లేదు. ఇంగ్లీషులో 1990 పక్కన నేరుగా ఎస్ చేరుస్తారు. ముందున్న 19 తీసేసి 90 మాత్రమే రాస్తే, పోయిన అంకెల చోట, అంటే 90కి ముందు, అపాస్ట్రఫీ వస్తుంది. ఇక్కడ కంప్యూటర్ మోసం చేస్తుంది. పదం మొదట్లో ఆ గుర్తు కొట్టగానే వర్డ్ లాంటి సాఫ్ట్‌వేర్ అది కోట్ మొదలనుకుని, తెరుచుకునే కోట్ గుర్తు వేస్తుంది. అపాస్ట్రఫీ ఎప్పుడూ మూసుకునే కోట్ ఆకారంలోనే, 9 అంకెలాగా ఉండాలి. ఆ కీని వెంటవెంటనే రెండుసార్లు కొట్టి, మొదట పడినదాన్ని చెరిపేస్తే సరైనది మిగులుతుంది.